వంతెన మీది చప్పుడు

తాడేపల్లిగూడెము నుండి ఏలూరు మీదుగా కొల్లేటి లంకలకు పోవు దారిలో కొండలు లేవు. గోదావరియు, కృష్ణయు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి నేల యగుటచే కొల్లేటి ప్రాంతమంతయు చదునుగా నుండును. కనుచూపు మేర వరిచేలు, చేపల చెరువులు, వాని నడుమ కాలువలు. ఇట్టి దారిని నడచు మోటారు బండికి శ్రమ తెలియదు. కాలువ వంతెన ఎక్కునపుడు మాత్రమే దాని బలము బయటపడును. దాని జబ్బును అచ్చటనే బయటపడును.

తాడేపల్లిగూడెములో ఉద్యోగ విరమణ చేసిన డాక్టరుగారొకరు కలరు. వారికి తండ్రి యిచ్చిపోయిన చిన్న పాత కారొకటి యున్నది. దానిని ఎం.జి. టి.డి. అందురు. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ పట్టణమున 1949 మొదలు 1953 వరకు ఈ రకపు కార్లు తయారైనవి. అందు ఇద్దరే కూర్చుండగలరు. పైకప్పు గుడ్డతో చేసినది. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. వాని మొత్తము పరిమాణము 1250 ఘన సెంటీమీటర్లు. ప్రతి ఆదివారమును డాక్టరుగారు మందులపెట్టెను ప్రక్క సీటులో నుంచుకొని, ఏలూరు–కైకలూరు రోడ్డున బయలుదేరి, కొల్లేటి పల్లెలలోని రోగులను చూచి, చీకటిపడు వేళకు తిరిగివచ్చుచుండిరి.

ఒక ఆదివారము వంతెన ఎక్కుచుండగా ఇంజనులో నుండి వింత చప్పుడు వినవచ్చెను. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లుండెను. వంతెన దిగినంతనే అది ఆగిపోయెను. తరువాతి వంతెన వద్ద మరల వచ్చెను. ఆ కారును ఎప్పుడును బాగుచేయునది ఏలూరు పవర్‌పేటలోని ఒక ముసలి మేస్త్రిగారు. అప్పుడు వారు కూతురింటికి పోయి నెల దినములుగా ఊరిలో లేరు. డాక్టరుగారు ఆత్రపడి బండిని వేరొక పెద్ద షెడ్డునకు తీసికొనిపోయిరి. అచ్చటివారు బండిని నడిపి చూడనైన చూడక, "క్రాంకు బేరింగులు పోయినవి. ఇంజను విప్పవలెను. ఈ బండికి సామాను విదేశముల నుండి రావలెను" అని చెప్పిరి. వారు చెప్పిన మొత్తము విని డాక్టరుగారికి నోట మాట రాలేదు. బరువెక్కిన మనస్సుతో కారును అమ్మివేయ నిశ్చయించుకొనిరి. ఒక బేరగాడు వచ్చి చూచి బయానా ఇచ్చుటకు రోజు కూడ చెప్పిపోయెను.

ఇంతలో మేస్త్రిగారు తిరిగివచ్చిరని తెలిసినది. అమ్ముటకు ముందు ఒక్కసారి వారికి చూపుదమని డాక్టరుగారు ఏలూరు వెళ్ళిరి.

మేస్త్రిగారు పానా చేతబట్టలేదు. ముక్కాలిపీట మీద కూర్చుండి ప్రశ్నలు వేయసాగిరి.

"చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదండి? ప్రొద్దుటి పూట చల్లని ఇంజనులోనా, వేడెక్కిన తరువాతనా?"

"వేడెక్కిన తరువాతనే."

"చదును దారిలోనా, ఎక్కుడులోనా?"

"ఎక్కుడులోనే."

"నిలిచియున్నపుడు?"

"లేదు."

ఆ ప్రశ్నలు వినుచు డాక్టరుగారు తమలో తాము సిగ్గుపడిరి. నొప్పి ఎప్పుడు వచ్చును, ఎంతసేపుండును, ఏమి చేసిన తగ్గును అని నలువది యేండ్లు రోగుల నడిగినవారు తమ బండి విషయమున ఆ ప్రశ్నలలో నొక్కటియు వేసికొనలేదు. ఎవరో చెప్పిన మాటను తీర్పుగా తలదాల్చిరి.

మేస్త్రిగారు ఇంజను నడిపించి, పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, కొయ్యపిడిని చెవికి చేర్చి వినిరి. ప్రక్కనున్న కుర్రవానికి ఒక్కొక్క చప్పుడును విడమరచి చెప్పసాగిరి. ఆ కుర్రవాడు షెడ్డులో పని నేర్చుకొనుచున్న పదునారేండ్లవాడు.

"టిక్కుటిక్కుమని సన్నగా వినవచ్చునది టాపెట్ల చప్పుడు. క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు ఒక్కొక్క టాపెట్టు ఒకసారి కొట్టును. చల్లగా నున్నపుడు వినబడి, వేడెక్కగనే తగ్గునది పిస్టను సిలిండరు గోడకు తగులు చప్పుడు. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినచో నిలిచియున్న బండిలో కూడ, వేగము పెంచి వదలినపుడు, గట్టిగా తలుపు తట్టినట్లుండును. ఆ సిలిండరు ప్లగ్గునకు కరెంటు ఆపినచో ఆ చప్పుడు తగ్గిపోవును. క్రాంకు మెయిన్ బేరింగు పోయినచో లోతైన మ్రోత. ఆయిలు ప్రెషరు కూడ పడిపోవును."

ఒక్కొక్క ప్లగ్గునకే కరెంటు ఆపి చూచిరి. ఏ తేడాయు లేదు. ఆయిలు మీటరు ముల్లు కదలక నిలిచెను. "బేరింగులు నిక్షేపముగా నున్నవి. ఇది నాకింగు" అని మేస్త్రిగారు తేల్చిరి.

నాకింగు అనగా నేమి? పిస్టను పైకి వచ్చుచుండగా, అది పూర్తిగా పైకి చేరుటకు కొంచెము ముందే, ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము ప్లగ్గు వద్ద అంటుకొని, మంట క్రమముగా వ్యాపింపవలెను. కాని ఒక్కొక్కప్పుడు మంట చేరకముందే, మూలనున్న మిశ్రమము వేడికిని ఒత్తిడికిని తాళలేక తనంత తానే భగ్గుమనును. ఆ దెబ్బకు సిలిండరు లోహమంతయు గణగణలాడును. చాలకాలము నిర్లక్ష్యము చేసినచో పిస్టనులు పాడగును.

1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనువాడు పెట్రోలులో ఒక సీసపు ద్రవము కలిపినచో నాకింగు అణగునని కనుగొనెను. చప్పుడు అణగెను గాని సీసపు విషము ప్రపంచమంతట గాలిలో చేరెను. భారతదేశమున 2000లో ఆ పెట్రోలును మాన్పించిరి. అన్ని దేశములకంటె చివర, 2021లో, అల్జీరియా దానిని విడిచిపెట్టెను.

మేస్త్రిగారు కారణములను ఒక్కొక్కటిగా కొట్టివేయుచు వచ్చిరి. "ఈ ఇంజను మిశ్రమమును ఏడుంబావు వంతులు మాత్రమే నొక్కును. నేటి పెట్రోలు ఆక్టేను సంఖ్య 91కి తగ్గదు. కావున పెట్రోలు దోషము కాదు. రేడియేటరులో నీరు నిండుగా నున్నది. వేడి దోషమును కాదు. ఇక మిగిలినవి రెండు. నిప్పురవ్వ మరీ ముందుగా పడుట యొకటి, లోపల మసి పేరుట యొకటి. నిప్పురవ్వ టైమింగు నా చేతులతో నేనే సరిచేసితిని. అందు తప్పుండదు. కావున మసియే. సిలిండరు హెడ్డు విప్పవలసినదే" అని పానా నందుకొనిరి.

హెడ్డు విప్పినచో దాని క్రింది గాస్కెట్టు మరల పనికిరాదు. అది ఏలూరులో దొరకునది కాదు. ఎన్ని వారములకు వచ్చునో తెలియదు. పల్లెల రోగులు ఎదురుచూచుచుందురు. బేరగాడు మరునాడే వచ్చును.

కుర్రవాని ముఖము పాలిపోయెను. పానా మొదటి నట్టు మీద పడుచుండగా వాడు ముందుకు వచ్చి, "మేస్త్రిగారూ, విప్పవద్దండి. టైమింగు నేనే మార్చితిని" అనెను. మేస్త్రిగారు ఊరిలో లేనప్పుడు బండి పాయింట్లు తుడుచుటకు వచ్చినదట. డిస్ట్రిబ్యూటరు కొంచెము త్రిప్పినచో బండి చురుకుగా పోవునని ఎవరో చెప్పగా విని, వాడు త్రిప్పెను. చప్పుడు వచ్చుచున్నదని తెలిసిన పిమ్మట, పని పోవునేమో యని భయపడి నోరు మెదపలేదు.

షెడ్డులో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. తరువాత మేస్త్రిగారు పానాను క్రింద పెట్టి, "ముందుగా నేను చూడవలసినది అదియే. నేను చేసిన పని గదా యని చూడనైతిని. నా తప్పును ఉన్నదిరా" అనిరి. డాక్టరుగారు, "నా తప్పు అంతకు మునుపటిది. మీరు వచ్చువరకు ఆగవలసినవాడను" అనిరి.

డిస్ట్రిబ్యూటరు బిగింపు వదులుచేసి, మేస్త్రిగారు దానిని వెనుకకు త్రిప్పి టైమింగు సరిచూచిరి. తరువాత కుర్రవానిచేతనే అచ్చట సన్నని తెల్లగీత గీయించిరి. ఇకమీదట అది జరిగినచో ఎవ్వరైనను గుర్తుపట్టవచ్చును.

ముగ్గురును కాలువ గట్టునకు వెళ్ళిరి. బండిలో ఇద్దరికే చోటు. డాక్టరుగారు కుర్రవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. మేస్త్రిగారు వంతెన మొదట నిలిచి చెవియొగ్గిరి. బండి వంతెన నెక్కెను. టాపెట్ల సన్నని టిక్కుటిక్కు తప్ప మరేమియు వినరాలేదు.

బేరగానికి ఆ రాత్రియే కబురు వెళ్ళెను. ఆదివారము ఉదయము మందులపెట్టెను ఒడిలో పెట్టుకొని కుర్రవాడు డాక్టరుగారి ప్రక్కన కూర్చుండెను. కొల్లేటి నీటిమీద గూడబాతులు బారులుతీరి తేలుచుండెను. వంతెన వచ్చినప్పుడెల్ల వాడు మాట ఆపి, ఊపిరి బిగబట్టి, ఇంజను చప్పుడు విను చుండెను.