యంత్రానికి పెట్టిన బొట్టు

బట్టలుతికే యంత్రపు గాజు తలుపు మీద, కింది అంచుకు రెండు వేళ్ళ ఎత్తున, ఎర్రని స్టిక్కరు బొట్టు ఒకటి అంటించి ఉన్నది. గడపకూ, గ్యాసు పొయ్యికీ, చివరకు కుక్కరుకు కూడా పసుపు కుంకుమలు పెట్టే అలవాటు అత్తగారికి ఉన్నది గనుక, ఇదీ అటువంటిదే అనుకుని కోడలు ఊరుకున్నది. ఆ బొట్టు భక్తితో పెట్టినది కాదని తెలియడానికి ఆమెకు అయిదు నెలలు పట్టింది.

2019 సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆ పెద్దావిడ నెల్లూరు జిల్లాలోని పల్లెటూరు విడిచి, చెన్నైలో ఉన్న కొడుకు ఇంటికి వచ్చింది. భర్త పోయిన తరువాత అక్కడ ఒంటరిగా ఉండలేకపోయింది. బావిలో ఎన్ని ఒరలు తేలాయో చూసి వేసవి ఎలా గడుస్తుందో చెప్పగలిగిన మనిషి ఆవిడ. ముందు తలుపు యంత్రం నాలుగు బిందెల నీళ్ళయినా తాగకుండా దుప్పట్లు ఉతుకుతుందంటే నమ్మలేదు. పీట వేసుకుని దాని ఎదుట కూర్చున్నది. జాడించే వేళ డ్రమ్ము తిరగడం ఆగినప్పుడల్లా గాజు వెనుక నీరు ఎంతవరకు నిలుస్తున్నదో చూసి, అక్కడ బొట్టు అంటించింది. రోజూ అంతే వస్తుందో, మోసం చేస్తుందో చూడాలి కదా!

ఆ ఏడాది వేసవి చెన్నైవాసులు మరచిపోగలిగినది కాదు. జూన్ నాటికి నగరానికి నీరిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. వాళ్ళ అపార్టుమెంటులో కుళాయి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మాత్రమే వచ్చేది. ట్యాంకరు కోసం అర్ధరాత్రి మేలుకుని కూర్చోవడం కోడలి వంతు. పొద్దునే బ్యాంకుకు వెళ్ళవలసినదీ ఆమే.

సరిగ్గా ఆ రోజులలోనే అత్తగారికి మెడ మీద, మోచేతుల మడతల్లో దద్దుర్లు లేచాయి. డాక్టరు పూత మందు ఇచ్చి, సబ్బు మార్చమన్నాడు. సబ్బు మారింది, దురద మారలేదు. “బట్టల్లో సబ్బు పోవడం లేదమ్మా. సంక్రాంతికి వచ్చినన్ని నీళ్ళు ఇప్పుడు రావడం లేదు,” అన్నది ఆవిడ.

“ఊళ్ళోనే నీళ్ళు లేవు, అత్తయ్యగారూ! ముందు తలుపు యంత్రాలు అంత నీటితోనే ఉతుకుతాయి,” అని కోడలు అక్కడితో ఆపింది.

ఆ మాటలో అబద్ధం లేదు. అందువల్లనే అత్తగారి మాటలోని నిజం మరుగున పడింది. ఒకనాటి రాత్రి ఆవిడ తన చీరలు రెండు బకెట్ల నీళ్ళతో చాటుగా జాడించుకుంటుండగా కోడలు చూసింది. ఆ రెండు బకెట్లూ మర్నాటి వంటకు దాచినవి. “ఇదేమైనా మీ ఊరి కాలువగట్టు అనుకున్నారా?” అని నోరు జారింది. పెద్దావిడ బదులు చెప్పలేదు. రెండు రోజుల పాటు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మూడవనాడు, ఊళ్ళో ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టావని కొడుకును అడిగింది.

ఆ వారంలో యంత్రం బెల్టు కీచుమంటున్నదని మెకానిక్కును పిలిపించారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఉత్తర చెన్నై కుర్రవాడు. అత్తగారు అతణ్ణి తలుపు దగ్గరకు పిలిచి, “నాయనా, జనవరిలో నీళ్ళు ఈ బొట్టు దాకా వచ్చేవి. ఇప్పుడు గాజులో కనబడను కూడా కనబడడం లేదు,” అన్నది. కుర్రవాడు నవ్వలేదు. వెంటనే పైమూత విప్పాడు.

పాత రకపు యంత్రం లోపల నీటిని కొలిచే పద్ధతి విచిత్రమైనది. తొట్టి అడుగున చిన్న గది వంటిది ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి సన్నని రబ్బరు గొట్టం పైనున్న ప్రెషర్ స్విచ్చి దాకా వెళుతుంది. నీరు పెరిగిన కొద్దీ గొట్టంలో చిక్కిన గాలి నొక్కుకుపోయి, స్విచ్చిలోని పలుచని పొరను నెడుతుంది. టిక్కుమని నీటి ధార ఆగిపోతుంది. అంటే యంత్రం కొలిచేది నీటిని కాదు, గాలిని. ఆ గది మూతి సబ్బు జిడ్డుతో, నూలు పీచుతో మూసుకుపోతే, నీరు బయటికి పోయిన తరువాత కూడా కొంత గాలి నొక్కుకునే ఉంటుంది. లోపల అప్పటికే నీరున్నదని యంత్రం భ్రమపడి, తరువాతి విడత ధారను ముందుగానే ఆపేస్తుంది. కుర్రవాడు గొట్టం ఊడదీసి, గదిలో నుంచి మీగడ తరకలా ఉన్న బూడిదరంగు జిడ్డును తీసి కాగితం మీద పెట్టాడు. కోడలు దానిని చాలాసేపు చూసింది.

స్విచ్చి మీద ఎర్ర రంగు పూసి ముద్ర వేసిన మర ఒకటి ఉన్నది. దానిని తిప్పితే నీటి మట్టం మారుతుంది. “ఎలాగూ విప్పావు కదా, ఇంకాస్త పెంచరాదూ?” అన్నది అత్తగారు, అదను దొరికిందని. అతడు ఒప్పుకోలేదు. ఈ యంత్రంలో బట్ట పైకి లేచి కింద పడడమే ఉతుకు. రేవులో బండ మీద కొట్టడం వంటిదే. నీరు మరీ ఎక్కువైతే బట్ట తేలుతుంది, దెబ్బ తగలదు. పైగా ఆ మరను ఊరికే తిప్పితే తక్కువ నీటికే హీటరు వెలిగే ప్రమాదమూ ఉన్నది. తిప్పక తప్పనప్పుడు పాత స్థానం గుర్తు పెట్టుకుని, వెంట్రుకవాసి తిప్పి, ఖాళీ యంత్రం నడిపి చూసుకోవాలట. ఇక్కడ ఆ అవసరమే లేదు. సబ్బుపొడి సగం తగ్గించి, అమ్మగారి బట్టలకు మరొక్క జాడింపు పెట్టమన్నాడు. ఆ నీళ్ళు గచ్చు కడగడానికి పట్టుకోవచ్చు గాని, బయటికి పోయే గొట్టాన్ని నేల మీది బకెట్టులోకి దించవద్దన్నాడు; దించితే తొట్టిలో నిలవవలసిన నీరు కూడా దానంతట అదే జారిపోతుందట.

అతడు వెళ్ళిన తరువాత చీరలు వేసి యంత్రం నడిపారు. అత్తగారు పీట మీద కూర్చున్నది. కోడలు బ్యాంకుకు వేళ మించుతున్నా పక్కనే నేల మీద చతికిలబడింది. మొదటి జాడింపులో డ్రమ్ము ఆగింది. నీరు బొట్టును తాకి నిలిచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“తాళంచెవి ఎందుకడిగారు, అత్తయ్యగారూ?” అన్నది కోడలు కాసేపటికి.

“ఊరికే,” అన్నది ఆవిడ.

జూలై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీటితో మొదటి రైలు చెన్నై చేరింది. దద్దుర్లు పూర్తిగా మానడానికి ఆ నెలాఖరు దాకా పట్టింది. పాత బొట్టు జిగురు వదిలి ఊడిపోతే, కోడలు తన అట్ట నుంచి ఒకటి తీసి, సరిగ్గా అక్కడే అంటించింది.