గుంజ పక్కన పగులు

గ్రూపులో మేము ఇంత పెద్దగా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మొన్న ఎండాకాలం సెలవుల్లో మేము ముగ్గురం చేసిన ఒక పని గురించి రాస్తున్నం. గోడ మీద నిలువుగా ఉండే ఒక సన్న గీత గురించి. ఆ గీతలోనే మా సగం కూలి ఇరుక్కుంది, మాలో ఒకడి చదువు కూడా ఇరుక్కునేంత పనయింది.

మాది ములుగు జిల్లా, గోదారి ఒడ్డు ఊర్లు. ముగ్గురం కోయోళ్లం. వరంగల్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మే నెలల పరీక్షలు అయిపోంగనే బట్టల సంచులు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కినం. మా ఊరి అన్న ఒకాయన ఇంటీరియర్ పనుల మేస్త్రి దగ్గర పెట్టించిండు. రోజుకు 500, ఉండుడు సైటులోనే.

సైటు అంటే ఒక సొంత ఇంటి కింది సెల్లార్. సామాన్లు పడేసే ఆ జాగాను ఓనర్ సార్ ఆఫీసు గది చేసుకుంటున్నడు. మూడు వైపులా జిప్సం షీటు, ఎదురు గోడ నడిమిట్ల టేకు పలకలు నిలువుగా. పలకల వరుసకు అటు ఇటు మళ్లీ జిప్సమే. అంటే చెక్క, షీటు కలిసే జాగాలు రెండు. అవి కనపడొద్దు, గోడంతా ఒక్కటే అన్నట్టు ఉండాలన్నది సార్ కోరిక.

జిప్సం పని మాకు బిహార్ నుంచి వచ్చిన భయ్యా నేర్పిండు. షీటు ఆరు అడుగులు పొడుగు, నాలుగు అడుగులు వెడల్పు, పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం. జీఐ చానెళ్లకు స్క్రూలతో బిగిస్తరు. షీటు పొడుగు అంచులు కొంచెం పలచగా వస్తయి. రెండు షీట్లు పక్కపక్కన పెడితే నడుమ లోతు తక్కువ పల్లం ఏర్పడుతుంది. ఆ పల్లంలో జాయింట్ కాంపౌండ్ పూసి, పేపర్ టేపు ఒత్తి, మీద మళ్లీ పూత వేయాలి. పూత పూతకూ వెడల్పు పెంచుకుంటూ పోవాలి. ఒక పూత పూర్తిగా ఆరినంకనే ఇంకోటి. ఆఖరికి ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దితే చేతికి అతుకే తగలదు. "ధీరే, ధీరే" అనేటోడు భయ్యా. ఇంటర్ కెమిస్ట్రీలో కాల్షియం సల్ఫేట్ అని బట్టీ పట్టిందే ఈ షీటు అని మేము ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నం. పుస్తకంలోది మొదటిసారి చేతికి అంటింది.

షీటుకూ షీటుకూ అతుకు మంచిగనే వచ్చింది. తిప్పలంతా చెక్కకూ షీటుకూ నడుమ. భయ్యా అప్పుడు వేరే సైటుకు పోయిండు. మేస్త్రి వచ్చి, "షీటు చెక్కకు ఆనించి కొట్టుండ్రి, సందులో లప్పం దట్టించి టేపు వేయుండ్రి, పెయింట్ వేస్తే ఎవడికి కనపడతది" అన్నడు. పలకలు కూడా దుకాణం నుంచి దింపిన రోజే బిగించేసినం.

ఇక్కడ ఒక సంగతి నిజంగా చెప్పాలి. మాకు అనుమానం వచ్చింది. ముగ్గురికీ వచ్చింది. ఎందుకంటే మా ఇండ్లు అట్లాంటివే. కట్టె గుంజలు పాతి, నడుమ వెదురు తడికలు కట్టి, మీద మట్టి పూస్తం. గోడ నడుమ ఎంత గట్టిగా ఉన్నా, గుంజ పక్కన మాత్రం ప్రతి ఏడూ పగులు వస్తది. వానలకు ఒక తీరు, ఎండలకు ఒక తీరు. పండుగ ముందు మా అమ్మలు ఎర్రమట్టి, పేడ కలిపి ముందుగా పూసేది ఆ పగులునే. "కట్టె ఊకుంటదా బిడ్డా, అది కదులుతది" అని చిన్నప్పటి నుంచి వింటున్నం.

అయినా మేస్త్రితో అనలేదు. సిటీ పని, ఖరీదైన టేకు, పెద్ద సారు ఇల్లు. మన మట్టి గోడ ముచ్చట ఇక్కడెందుకు అనుకున్నం. క్లాసులో సార్ "ఏమన్నా డౌట్లున్నయా" అని అడిగితే తల దించుకునే అలవాటే సైటులో కూడా పనిచేసింది. చెప్పినట్టే దట్టించినం. పెయింట్ పడ్డంక నిజంగనే కనపడలేదు. 24 రోజులకు ఒక్కొక్కరికి 12,000 రావాలి. 6,000 చేతుల పెట్టి, మిగతాది ఓనర్ లెక్క చూసినంక ఇస్తా అన్నడు మేస్త్రి.

జూలైలో ఫోన్ వచ్చింది. "మీ అతుకులు రెండూ పగిలినయి. సారు నాకు పైసలు ఆపిండు, నేను మీకు ఆపిన. అడవిల నుంచి వచ్చినోళ్లకు పని చెప్పుడు నాదే తప్పు" అన్నడు.

ఆ మాట మాకు పైసలకంటే ఎక్కువ తగిలింది. కానీ పైసలు కూడా చిన్న సంగతి కాదు. మాలో ఒకడు ఆ 6,000తో చెల్లెను నర్సింగ్‌లో చేర్పిస్తా అని ఇంట్ల మాటిచ్చిండు. రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు, "నేను డిగ్రీ బంద్ చేస్తా, పనికి పోతా, చెల్లెన్నన్నా చదువుకోనీ" అన్నడు. మిగతా ఇద్దరం ఏం చెప్పాలో తెలియక మెస్సులో అన్నం ముందు కూర్చున్నం.

ఆ రాత్రి పగులు ఎందుకొచ్చిందని ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నం. మాలో ఒకడిది బాటనీ. చెక్క కణాల గోడలు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతయి, ఆరితే ముడుచుకుంటయి అని వాడు చెప్పిండు. పొడుగు దిక్కు మార్పు చాలా తక్కువ, అడ్డం దిక్కే ఎక్కువ. మా పలకలు నిలువుగా ఉన్నయి కాబట్టి అవి ఉబ్బినా, ముడుచుకున్నా అటు ఇటు ఉన్న అతుకుల మీదనే పడుతుంది. జిప్సం మాత్రం తేమకు అంతగా కదలదు. మే ఎండలకు ఆరి ఉన్న పలకలు వానలకు, పైగా సెల్లార్ మట్టి చెమ్మకు ఉబ్బినయి. షీటును నెట్టినయి. తర్వాత ఏసీ నడిస్తే ముడుచుకున్నయి. నడుమ ఉన్న లప్పం సాగదు, పగులుతది. గుంజ పక్కన పగులూ ఇదే. అమ్మలు చెప్పిందీ, పుస్తకంలో ఉన్నదీ ఒక్కటే. తెలిసి కూడా మేము నోరు తెరవలేదు, అంతే.

ఒక ఆదివారం పొద్దుగాల బస్సుకు పోయినం. భయ్యాకు ఫోన్ చేస్తే తన పని ఆపుకుని వచ్చిండు. ఓనర్ సార్‌తో ఈసారి మేమే మాట్లాడినం. గొంతు వణికింది గానీ ఆపలేదు. "సార్, ఈ రెండింటినీ ఒక్కటి చేయలేం. నడుమ జాగా వదలాలి. గీత కనపడతది, కానీ పగలదు" అని చెప్పినం. ఆయన కొంచెంసేపు గోడ దిక్కు చూసి సరే అన్నడు.

చేసింది ఇది. బ్లేడుతో పాత లప్పం, టేపు తీసేసినం. షీటు అంచును తిన్నగా కోసి చెక్కకు ఆరు మిల్లీమీటర్ల దూరం ఉంచినం. కోసిన అంచు రాలకుండా ఇనుప అంచు పట్టీ పెట్టి, దాని మీద మాత్రమే కాంపౌండ్ పూసినం. సందులోకి ముందు సన్నటి ఫోమ్ తాడు దోపినం. తర్వాత గన్నుతో అక్రిలిక్ సీలెంట్ నింపినం. సిలికాన్ మీద పెయింట్ నిలవదు, అక్రిలిక్ మీద నిలుస్తది. ఫోమ్ ఎందుకంటే, సీలెంట్ వెనక గోడకు అంటుకోవద్దు. అటు చెక్కకు, ఇటు షీటుకు, రెండు పక్కలే పట్టుకోవాలి. అప్పుడే రబ్బరు లెక్క సాగుతది. మూడు పక్కలా అంటుకుంటే చినిగిపోతది. ఇదొక పద్ధతి. గీత వద్దనుకుంటే మీద సన్న చెక్క బీడింగ్ కొట్టుకోవచ్చు. కానీ మేకులు ఒక్క పక్కకే కొట్టాలి. రెండు పక్కలకూ కొడితే మళ్లీ మొదటి కథే.

ఇట్లాంటి పనికి పోయే తమ్ముళ్లకు ఇంకో రెండు మాటలు. చెక్కను తెచ్చిన రోజే బిగించొద్దు. ఆ గదిలోనే కొన్ని రోజులు ఉంచి, అక్కడి గాలికి అలవాటు పడనీయాలి. సెల్లార్లో షీటును నేలకు ఆనించొద్దు, వేలు మందం జాగా వదలాలి. లేకుంటే అడుగు నుంచి నీళ్లు పీలుస్తది. కూలి ఎంత, ఎప్పుడిస్తరు అన్నది పనికి దిగకముందే మాట్లాడుకోండి. అనుమానం వస్తే అడగండి. మన ఇంటి గోడను చూసి వచ్చిన అనుమానమైనా సరే, అడగండి.

మేస్త్రి ఒక్కొక్కరికి 4,000 ఇచ్చిండు. 2,000 ఇంకా రాలేదు. ఆ ముగ్గురి 4,000 కలిపి చెల్లెను నర్సింగ్‌లో చేర్పించినం. మావాడు ఇంకా హాస్టల్లోనే ఉన్నడు. "ఈ సెమిస్టర్ దాకా చూస్తా" అంటున్నడు. మేము రోజూ అడుగుతలేం.

ఇప్పుడు చలికాలం, చెక్క ముడుచుకునే కాలం. భయ్యా ఆ ఇంటి దిక్కు పోతే మొన్న ఫోటో తీసి పంపిండు. ముగ్గురం ఒక్క ఫోన్ మీద పడి పెద్దగా చేసి చూసినం. సందు కొంచెం వెడల్పయింది. సీలెంట్ సాగింది, తెగలేదు.