ఆటోలిస్పు, అద్దంకి కాలువ, ఒక ఎర్ర పెన్సిలు

మా ప్రాంతంలో కాలువ సర్వే అంటే ఎండాకాలపు పని. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు కట్టేసి, పత్తికట్టె పీకి, మిరపకాయ కల్లాలకు చేరిన తరువాత గాని లెవెలు పెట్టి నిలబడడానికి చేలలో చోటు దొరకదు. అప్పటికి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. స్టాఫు పట్టుకొన్న కుర్రవాడు ఏమరుపాటున దానిని నెర్రెలో దింపాడా, నేల జానెడు లోతుకు పోయినట్లు పుస్తకంలోకి ఎక్కుతుంది. అందుకే లెవెలు పుస్తకాన్ని ఎవరూ కళ్ళు మూసికొని నమ్మరు. నేను వ్రాసిన మాక్రోను మాత్రం అందరూ నమ్మారు. అందరికంటె ముందు నేనే నమ్మాను.

2003 వేసవి అది. గుంటూరులో ఒక చిన్న సర్వే ఆఫీసులో ఆటోక్యాడ్ మీద బొమ్మలు గీసేవాణ్ణి. అద్దంకి బ్రాంచి కాలువ కింది ఒక మేజరుకు మరమ్మతుల అంచనా వేయాలి. పొడవు 12 కిలోమీటర్లు, 30 మీటర్లకొక అడ్డుకోత, వెరసి 400 పైచిలుకు బొమ్మలు. ప్రతిదానిలోనూ డిజైను కాలువ, రెండు కట్టలు, నేల గీత, అడుగున మట్టాల పట్టిక. అదే బొమ్మ 400 సార్లు, మారేవి అంకెలే. మౌసుతో గీస్తే రోజుకు 20 తెమిలేవి.

ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. వాడుకరి తనకు కావలసిన ఆజ్ఞలను తానే వ్రాసికొనే ఆటోలిస్పు అందులో చేరింది 1986లో. దాని తల్లి లిస్పు ఇంకా పాతది. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన భాష. మొదటిసారి చూసినప్పుడు ఆ కుండలీకరణాల గుంపు చూసి బెదిరిపోయాను. మన వాక్యంలో క్రియ చిట్టచివర కూర్చొంటుంది గదా, లిస్పులో మొట్టమొదట కూర్చొంటుంది. రెండూ మూడూ కూడు అని మనమంటే, కూడు రెండూ మూడూ అని అది అంటుంది. ఇంగ్లీషు అన్వయంతో కుస్తీ పట్టిన తెలుగు మీడియం వాడికి ఇదేమంత కష్టం అనుకొన్నాను. మూసే కుండలీకరణం ఒకటి ఎక్కడో తగ్గి రాత్రి రెండింటి దాకా కూర్చొన్నప్పుడు గాని ఆ పొగరు దిగలేదు.

రెండు వారాల్లో మాక్రో తయారైంది. లెవెలు పుస్తకంలోని దూరాలను, మట్టాలను టెక్స్టు ఫైలులో ఎక్కిస్తే, అది ఒక్కొక్క వరుసే చదివి, ముందు డిజైను కాలువను, తరువాత నేల గీతను గీసి, రెండింటి మధ్య వైశాల్యం కొలిచి మట్టి లెక్క కూడా కట్టేది. పది బొమ్మలు దగ్గరగా చూపుకొని పరీక్షించాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

అసలు రోజున ఆఫీసులో అందరినీ పిలిచాను. 400 బొమ్మలూ తెర మీద వరుసగా మొలవడం వాళ్ళు చూడాలని నా ముచ్చట. అందుకని బొమ్మను బాగా దూరం జరిపి, మొత్తం కనబడేటట్లు పెట్టి మాక్రో నడిపాను. పావుగంటలో పని ముగిసింది. టీలు తెప్పించారు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేసి రిటైరైనవారు. మేమంతా బాబాయిగారూ అనే పిలిచేవాళ్ళం. కంప్యూటరు ముట్టుకొనేవారు కాదు. అచ్చయిన షీట్లు ఎర్ర పెన్సిలు పట్టుకొని చూసేవారు. మాక్రో వచ్చాక ఆయనకిక పనేముందని అప్పటికే ఒకరిద్దరు అన్నారు. నేను కాదనలేదు.

మరునాడు మధ్యాహ్నం ఆయన ఒక షీటు తెచ్చి నా బల్ల మీద పరిచారు. "అబ్బాయ్, ఈ కట్టకు అప్పుడే మట్టి ఎవరు పోశారోయ్?" అన్నారు.

చూశాను. నేల గీత ఎక్కడో కింద ఉండవలసినది, కట్ట కొమ్ముకు అతుక్కొని ఉంది. అంటే అక్కడ కట్ట ముందే ఉన్నట్లు, మట్టి అక్కరలేనట్లు. పుస్తకం తీస్తే మట్టం కట్ట కంటె మీటరు పైగా తక్కువ. టెక్స్టు ఫైలులోనూ సరిగ్గానే ఉంది. బొమ్మలోనే తప్పు.

కారణం పట్టుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. ఆటోక్యాడ్‌లో ఆబ్జెక్ట్ స్నాప్ అని ఒక సదుపాయం ఉంది. కర్సరు ఒక గీత కొసకు దగ్గరగా వస్తే దానంతటది ఆ కొసను పట్టుకొంటుంది. ఆ దగ్గరతనాన్ని కొలిచేది మీటర్లలో కాదు, తెర మీది చుక్కలలో. బొమ్మ దూరం జరిగితే మీటరు కూడా ఒకటి రెండు చుక్కలే. పైగా మనం చేత్తో టైపు చేసిన నిరూపకాలను అది మామూలుగా ముట్టుకోదు. మాక్రో ఇచ్చిన వాటినైతే పట్టి లాగుతుంది. ముచ్చటపడి నేను దూరం జరిపినందువల్ల నేల బిందువులు పక్కనున్న కట్ట కొసలకు పోయి అంటుకొన్నాయి. వైశాల్యాన్ని అంకెల నుంచి గాక గీసిన గీత నుంచే తీసికొన్నాను గనుక మట్టి లెక్కా తప్పింది.

వెదికితే అటువంటివి 37 తేలాయి, అన్నింటిలోనూ మట్టి తగ్గేదే. అంచనా అలాగే వెళ్ళి ఉంటే పని మధ్యలో డబ్బు చాలక ఆగేది. మేజరు పని తల నుంచి మొదలవుతుంది గనుక మిగిలిపోయేది చివరి భాగమే. చివరి చేలకు మామూలు రోజుల్లోనే నీరు అందడం గగనం. యజమానికి చెప్పడానికి నోరు రాలేదు, చెప్పాను. తిట్టారు. రెండు రోజుల్లో షీట్లన్నీ మళ్ళీ తీశాము.

దిద్దుబాటు ఎంతని? మాక్రో మొదట్లో ఆస్‌మోడ్ విలువను దాచుకొని సున్న చేయడం, చివర తిరిగి పెట్టడం. మధ్యలో ఎవరైనా ఎస్కేప్ నొక్కితే స్నాప్ చచ్చి కూర్చోకుండా ఎర్రరు వచ్చినప్పుడు కూడా తిరిగి పెట్టడం. నాలుగైదు వరుసలు. వైశాల్యం మాత్రం నేరుగా అంకెల నుంచే కట్టేటట్లు మార్చి, రెండు పద్ధతుల లెక్కలూ పక్కపక్కన అచ్చు వేయించాను. ప్రతి షీటు మూలలో లెవెలు పుస్తకం పుట సంఖ్య కూడా చేర్చాను. అది బాబాయిగారు అడిగినది. ఆ తరువాత ఆయన ప్రతి పదో బొమ్మను పుస్తకంతో పోల్చి ఎర్ర టిక్కు పెట్టేవారు. ఆయనకిక పనేముందని మళ్ళీ ఎవరూ అనలేదు.

మొన్న మా మేనల్లుడు ఆ ఫైలు అడిగాడు. ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఇదివరకు ఆటోలిస్పు నడిచేది కాదు. 2023లో వచ్చిన ఎల్‌టీ 2024 నుంచి నడుస్తోంది. వాడి దగ్గర ఉన్నది అదే. పంపాను. రాత్రి ఫోను చేసి, ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది మామయ్యా అన్నాడు. సెమీకోలన్ పక్కన ఇంగ్లీషు లిపిలో "బాబాయిగారి కట్ట" అని వ్రాసి ఉంది, ఆ వరుస తీసేయవచ్చా అని అడిగాడు.

ఉంచమన్నాను.