తీరిక వేళ పని

ఇంగ్లండులోని లీసెస్టర్ బట్ట మీద బతికిన ఊరు. మేజోళ్ళు, బనియన్లు, స్వెట్టర్లు ఇక్కడి మిల్లుల్లో అల్లి దేశదేశాలకు పంపేవారు. కోరా కంపెనీ వాళ్ళ సెయింట్ మార్గరెట్స్ వర్క్స్ ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టింది. 1972లో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ అక్కడి ఆసియా వాళ్ళని 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నప్పుడు, లీసెస్టర్ నగర పాలకులు అక్కడి ఉగాండా ఆర్గస్ పత్రికలో ప్రకటన వేయించి మరీ మా ఊరికి రావద్దన్నారు. అయినా వేలమంది వచ్చారు. బెల్‌గ్రేవ్ రోడ్డు చీరల దుకాణాలతో, నగల కొట్లతో, మిఠాయి అంగళ్ళతో నిండి గోల్డెన్ మైల్ అయింది. ఈ కథ ఊళ్ళో అందరికీ తెలుసు.

అంతగా చెప్పుకోనిది ఇళ్ళల్లోని కుట్టుమిషన్ల సంగతి. పసిపిల్లల్ని వదిలి ఫ్యాక్టరీకి వెళ్ళలేనివాళ్ళు, ఇంగ్లిషు రానివాళ్ళు ముందుగదిలోనే మిషను వేసుకుని ముక్కకింత అని కుట్టేవారు. కత్తిరించిన గుడ్డల మూటలు ఇంటికి వచ్చేవి, కుట్టినవి లెక్కపెట్టి తీసుకెళ్ళేవారు. రాత్రి పొద్దుపోయేదాకా మిషను తొక్కినా ఇంట్లోవాళ్ళ లెక్కలో అది ఉద్యోగం కాదు. ఊరికే కూర్చోకుండా ఏదో చేసుకుంటోంది, అంతే.

ఈ మాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నదే. మాది నరసాపురం వైపు. మా అమ్మమ్మా, ఆవిడ తోటికోడళ్ళూ మధ్యాహ్నం అంట్లు తోముకుని అరుగు మీద చేరి లేసు అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా ప్రాంతంలో తిరిగి, ఆ లేసు అల్లే ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వేసింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్ళని ఎవరూ పనివాళ్ళ కింద లెక్కవేయరని, ఇంటిపని అయ్యాక తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే చూస్తారని, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ చూపే కారణమని ఆవిడ చెప్పింది. నాకు ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మనం చేసే పనికే తీరిక అని పేరు పెట్టేస్తే, ఇక మనకి తీరిక ఎక్కడిది?

నేను మగ్గం వర్కు చేస్తాను. లీసెస్టర్లోనూ చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ తెలుగు కుటుంబాలు పెరిగాయి. ఆసుపత్రుల్లో డాక్టర్లు, ఐటీ వాళ్ళు, చదువుకోడానికి వచ్చి ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళికి, ఓణీల ఫంక్షనుకి, వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర మీదకి వర్కు జాకెట్టు ఉండి తీరాలి. ఇండియా నుంచి తెప్పిస్తే కొలతలు సరిపోవు, సరిచేయించుకోడానికి టైము ఉండదు. అలా నా దగ్గరికి వస్తారు. మొదలుపెట్టింది మాత్రం డబ్బు కోసం కాదు. వచ్చిన కొత్తలో చలికాలం ఇల్లు కరవడానికి వస్తుంటే, చేతికి ఏదో ఒక పని ఉండాలని మగ్గం బిగించాను.

మగ్గం పని దగ్గరనుంచి చూడనివాళ్ళ కోసం చెబుతాను. చెక్కల మధ్య బట్టని నాలుగువైపులా దారాలతో లాగి కట్టాలి. వేలితో మీటితే డప్పులా మోగాలి. పైన కుడిచేతిలో కొక్కెం ఉన్న ఆరీ సూది, బట్ట కింద ఎడమచేతిలో దారం. సూది దిగగానే కిందనున్న చెయ్యి దారాన్ని కొక్కేనికి తగిలించాలి, పైచెయ్యి లాగాలి. అందరికీ కనిపించేది పైచెయ్యే. కుట్టు బాగా రావడం, రాకపోవడం కింద చేతిలో ఉంటుంది, దాన్ని కుట్టేవాళ్ళు కూడా చూడలేరు. జర్దోసీ ముక్కలు, చంకీలు, కుందన్లు, చేతుల అంచున ముత్యాల వరస... నిండు వర్కు జాకెట్టంటే వారాల పని.

2020 జూన్ 29న కోవిడ్ వల్ల దేశంలోనే మొట్టమొదటి స్థానిక లాక్‌డౌన్ మా లీసెస్టర్‌కి ప్రకటించారు. మిగతా ఇంగ్లండంతా తలుపులు తెరుస్తుంటే మా దుకాణాలు మళ్ళీ మూతపడ్డాయి. ఆర్డర్లు లేవు. అప్పుడు నేను బాగానే ఉన్నాను. ఆ తర్వాత వాయిదాపడ్డ పెళ్ళిళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి, కాదనకుండా అన్నీ పట్టుకున్నాను. ఒక దీపావళి ముందు ఆ కిందచెయ్యి ఆగిపోయింది. నొప్పేమీ లేదు. దారం పట్టుకుని బట్ట కింద అలా ఉండిపోయేది. పిల్లాణ్ణి బడిలో దింపి వచ్చి మగ్గం ముందు కూర్చుంటే, మళ్ళీ తీసుకురావడానికి లేచేసరికి ఒక పువ్వు కూడా అయ్యేది కాదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. వాట్సాప్‌లో "అక్కా, ఎంతవరకు వచ్చింది?" అన్న మెసేజి కనబడితే ఫోను బోర్లా పెట్టేసేదాన్ని.

నాకు తెలిసినవాళ్ళంతా మంచివాళ్ళే. ఒకరు "నీకేం తక్కువ?" అన్నారు. అమ్మ ఫోన్లో విని భయపడి, నా ఫోటో ముందు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ పూట ఎంతో కొంత ఓదార్పు కలిగిన మాట నిజం, అంత దూరం నుంచి ఆవిడ చేయగలిగింది అది. ఎక్కువమంది మాత్రం ఒకే సలహా ఇచ్చారు: "చేతిలో కళ ఉంది కదా, చక్కగా ఆ మగ్గం ముందు కూర్చో, మనసు తేలికపడుతుంది." వాళ్ళ తప్పేమీ లేదు. ఒకప్పుడు నా మనసుని తేలిక చేసింది ఆ మగ్గమే. దానికి రేటు కట్టి, తారీఖు ఇచ్చి, అడ్వాన్సు తీసుకున్నాక అది మందు కావడం మానేసింది. ఇష్టమైన పనిని బతుకుతెరువు చేసుకున్నవాళ్ళకి మొదట పోయేది ఆ ఇష్టం దగ్గరికి వెళ్ళి సేదతీరే దారి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు.

ఇంగ్లండులో ఇలాంటప్పుడు డాక్టరు చీటీ లేకుండానే ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వారి టాకింగ్ థెరపీస్ అనే మానసిక చికిత్సకి మనంతట మనమే పేరు ఇచ్చుకోవచ్చు. మొదట ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. గడిచిన రెండు వారాల సంగతే అడుగుతారు. మొదటి ప్రశ్న చేసే పనుల మీద ఆసక్తి, సంతోషం గురించి. ఆర్డర్లు ఎలాగో పూర్తవుతున్నాయి కాబట్టి బాగానే ఉన్నానని సర్దిచెప్పుకునే మనిషికి ఆ ప్రశ్న దగ్గరే కలం ఆగుతుంది. డాక్టరు మాత్రలు కూడా రాశారు. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, తగ్గింది కదా అని మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు. షుగరు మాత్ర వేసుకోవడానికి సిగ్గుపడని మన ఇళ్ళల్లో డిప్రెషన్‌కి మాత్రం డబ్బా దాచుకుంటాం. దాచుకోనక్కర్లేదు.

థెరపిస్టు నన్ను వారమంతా ఏం చేశానో గంటలవారీగా రాసుకురమ్మంది. పక్కన రెండు గడులు: తప్పక చేసింది, ఇష్టపడి చేసింది. మగ్గం దగ్గర గడిపిన గంటలన్నీ ఇష్టం గడిలో రాశాను. ఆమె కాగితం చూసి ఒకే ఒక్క మాట అడిగింది: "ఎవరూ డబ్బు ఇవ్వకపోతే ఈ మంగళవారం రాత్రి పదకొండింటికి ఇది కుట్టేదానివా?" నేను ఆ గంటలన్నీ పక్క గడిలోకి మార్చాను. ఇష్టం గడి మొత్తం ఖాళీ అయిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఒంటిని, మనసుని చూసుకోవడమంటే బజారు మనకి చూపించేది సువాసనల కొవ్వొత్తులు, ఫేస్‌ప్యాకులు. వాటి మీద నాకేమీ కోపం లేదు. కానీ ఒక్క మనిషి రెండు చేతుల మీద నడిచే వ్యాపారంలో ఆ సంరక్షణ ఆర్డర్ల పుస్తకంలోనే జరగాలి. నేను నెలకి ఇన్నే అని రాసుకుని, ఆ గీత దాటితే పుస్తకం మూసేస్తాను. తారీఖు చెప్పేటప్పుడు చెయ్యి ఆగిపోయే రోజులు కూడా కలిపి చెబుతాను. ఈ దేశంలో ఉద్యోగికి జబ్బు చేస్తే యజమాని ఇవ్వాల్సిన సిక్ పే అని ఒకటుంది, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకి అది లేదు. అందుకని ప్రతి జాకెట్టు రేటులోనూ ఆ రోజుల కోసం కొంత కలుపుతాను, వేరే ఖాతాలో వేస్తాను. రేటు ఎక్కువ అనేవాళ్ళున్నారు. అది నా సెలవు ఖరీదు.

ఇంకోటి వెలుతురు. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. ట్యూబులైటు కింద గోల్డు జరీకి, యాంటిక్ జరీకి తేడా తెలియదు, మనసూ అంతే మసకబారుతుంది. మన పండగల సీజను సరిగ్గా వెలుతురు తగ్గిపోయే నెలల్లోకే వస్తుంది. అందుకే మధ్యాహ్నం ఒక గంట మగ్గం మీద గుడ్డ కప్పి అబ్బీ పార్కుకి వెళ్ళిపోతాను, సోర్ నది ఒడ్డున నడుస్తాను. చలికాలంలో అందరినీ రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవడం గురించి ఆలోచించమని, మనలాంటి ముదురు చాయ ఒంటివాళ్ళకి ఏడాది పొడవునా అవసరం పడవచ్చని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది, అది వేసుకుంటాను. ఆదాయపు పన్ను లెక్కలకి గడువు జనవరి 31. నాకు అన్నిటికంటే బరువైన నెల అదే కాబట్టి సెప్టెంబరులోనే పూర్తిచేసి పంపేస్తాను. జబ్బు ఏ నెలలో బలపడుతుందో తెలిశాక ఆ నెలకి పని మిగల్చకూడదు.

ఈ జబ్బు నాకొక్కదానికే కాదు. కేట్ స్పేడ్ 1993లో న్యూయార్క్‌లో చేతిసంచుల కంపెనీ పెట్టింది. పసుపు, గులాబి, చిలకపచ్చ... చూస్తేనే హుషారు వచ్చే రంగులు. 2018 జూన్‌లో ఆమె చనిపోయాక, ఎన్నో ఏళ్ళుగా డిప్రెషన్‌తో బాధపడుతోందని, వైద్యం చేయించుకుంటూనే ఉందని భర్త చెప్పాడు. రంగులతో పనిచేసే మనిషికి దిగులేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. సరుకులో ఉన్న మెరుపు తయారుచేసినవాళ్ళ లోపలి సంగతి ఏమీ చెప్పదు. నా చేతుల మీదుగా పోయే జాకెట్లన్నీ ధగధగలాడేవే. సినిమా నటి దీపికా పదుకొనే 2015లో తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పింది, అదే ఏడు లివ్ లవ్ లాఫ్ ఫౌండేషన్ పెట్టింది. అంత పేరున్న మనిషి నోరు విప్పడం వల్ల మా అమ్మకి నా సంగతి చెప్పడానికి నాకు ఒక ఆధారం దొరికింది. "ఆ అమ్మాయికి కూడానా?" అని, కాసేపు ఆగి, "మందులు వేసుకుంటున్నావా?" అని అడిగింది.

పూర్తిగా తగ్గిందని చెప్పను. వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు ఆర్డర్లు ఉన్నవాళ్ళకి "వారం ఆలస్యమవుతుంది, ఆరోగ్యం బాగోలేదు" అని రాస్తాను. ఏమైందని అడిగితే డిప్రెషన్ అని పేరు పెట్టే చెబుతాను. అలా చెప్పిన తర్వాత వాళ్ళల్లో కొందరు కొలతల జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, టీ తాగుతూ, తమ సంగతి చెప్పుకున్నారు. వాళ్ళకి టాకింగ్ థెరపీస్‌కి పేరు ఎలా ఇచ్చుకోవాలో ఫోన్లో తీసి చూపిస్తాను.

మొన్న ఒకామె రేటు విని, "మీకిది హాబీ కదా అక్కా, కొంచెం చూసి చెప్పండి" అంది. మర్యాదస్తురాలు, చిన్నపిల్ల. "హాబీ కాదమ్మా, ఉద్యోగం. ఆదివారం సెలవు, జనవరిలో కొత్తవి తీసుకోను" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి ఫిబ్రవరికి రాసుకోమంది. వాళ్ళ చెల్లి పెళ్ళి మార్చిలోనట, చేతుల మీద నెమళ్ళు కావాలట.