తెలుగు రాకనా, వినబడకనా?

మా కోయ గూడేల్లో పిల్ల బడిలో పలకకపోతే అందరూ చెప్పే కారణం ఒకటే: "దానికి తెలుగు రాదు." చాలాసార్లు అది నిజమే. అందుకే ఆ మాట చాటున చెవుడు ఏళ్ల తరబడి దాగిపోతుంది.

మా అన్న కూతురు ఇంట్లో కోయ మాటకు కూడా రెండుసార్లు పిలిస్తేగానీ తిరిగేది కాదు. ఇది భాష సంగతి కాదని మాకు అక్కడే అర్థమైంది. చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారేది. నూనె పోద్దామన్న పెద్దలకు నచ్చజెప్పి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. హెడ్‌ఫోన్లు పెట్టి సన్నని కూతలు వినిపించారు. వినబడితే చెయ్యెత్తాలి. ఆ కూతకు భాష లేదు. ఏ పిల్లకైనా పరీక్ష ఒకటే. రెండు చెవులకూ వినికిడి తగ్గిందని తేలింది.

"మిషన్ పెట్టుకుంటే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అని వదిన బాధపడింది. "పెళ్లి తర్వాత వదినా, ముందు పాఠం వినబడాలి గదా" అన్నాం. మిషన్ చెవిని బాగుచేయదు, శబ్దాన్ని పెంచుతుంది. గోలనూ పెంచుతుంది. బ్యాటరీలు మార్చాలి, వాన తగలనీయకూడదు. అన్నీ చెప్పి పిల్లనే అడిగాం. ఒకసారి పెట్టి చూపినప్పుడు తన గొంతు తానే విని ఉలిక్కిపడింది. తర్వాత తీయనివ్వలేదు.

టీచర్లకు ఒక మాట. పలకని పిల్లను వెనక నుంచి ఇంటి భాషలో పిలవండి. తిరగకపోతే, ఏడాదికోసారి బడికొచ్చే బాల స్వాస్థ్య వైద్య బృందానికి ఆ పేరు ముందు చెప్పండి. అర్హులకు అడిప్ పథకం కింద మిషన్ ఉచితంగా వస్తుంది. మన పిల్లల మౌనానికి కారణం మనమే వెతకాలి.