మానిన తర్వాతే తెలిసే గీత

పచ్చబొట్టు వేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇప్పుడు కావలసినవన్నీ ఇంటికే వస్తున్నాయి. మెషిన్ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, సూదుల కార్ట్రిడ్జ్‌లు కొనుక్కోవచ్చు, చేయి తిరగడానికి సిలికాన్ తోలూ దొరుకుతుంది. గీత ఎలా లాగాలో చూపించే వీడియోలకైతే లెక్కే లేదు. కొద్ది రోజుల్లో నేర్పేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులూ ఉన్నాయి. ఇన్ని ఉండగా ఒక స్టూడియోలో చేరి ఏడాదో రెండేళ్లో బల్లలు తుడుస్తూ, స్టెన్సిళ్లు కత్తిరిస్తూ, నలుగురి పక్కన కూర్చుని నేర్చుకోవడం దేనికని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. అయినా అదే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. పాత పద్ధతుల మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఈ పనికున్న ఒక గుణం వల్ల అంటున్నాను: ఇందులో తప్పు జరిగిన రోజున ఆ తప్పు కనబడదు.

సూది చేసే పనిని కాస్త దగ్గరగా చూడండి. మెషిన్‌లో అది సెకనుకు పదులసార్లు పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. రంగు నిలవాలంటే చర్మం పై పొర దాటి కింది పొరలోకి, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగాలి. అంతకన్నా పైనే ఆగిపోతే, పై పొర రాలినప్పుడు రంగూ దాంతోపాటే రాలి గీత అక్కడక్కడా తెగిపోతుంది. మరీ లోతుకు పోతే రంగు పక్కలకు పాకి, గీత చుట్టూ నీలంగా మసక కమ్ముతుంది. ఈ లోతు కొలిచి చెప్పే స్కేలు ఎవరి దగ్గరా లేదు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చర్మాన్ని సాగదీసి పట్టిన బిగువు, కుడిచేతికి తెలిసే అదురు, వీటితోనే అంచనా కట్టుకోవాలి. మోచేతి లోపలివైపు చర్మం ఒక తీరు, పక్కటెముకల మీద ఇంకో తీరు, అరవై దాటిన వాళ్ల ముంజేయి పూర్తిగా వేరు. ఇంత తేడా ఉన్నా, పని ముగిసిన క్షణంలో ఏ గీతైనా నల్లగా, నిండుగా, అందంగానే ఉంటుంది. అందరూ ఫొటో తీసి పెట్టేది అప్పుడే. చెక్కు కట్టి, అది రాలి, కొత్త చర్మం పట్టేసరికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అసలు గీత బయటపడేది అప్పుడు. ఆ తర్వాత కూడా కథ ముగియదు. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే నగర పరిశోధకులు ఎలుకల మీద చేసిన పనిలో ఒక సంగతి తేలింది. రంగు రేణువులను పట్టి ఉంచేది చర్మంలోని రక్షక కణాలే. ఒక కణం చనిపోయి వదిలేసిన రంగును మరో కొత్త కణం మింగి దాచుకుంటుంది. అంటే పచ్చబొట్టు ఎప్పుడో ఎండిపోయిన సిరా కాదు. బతికున్న ఒళ్లు ఏళ్ల తరబడి మోస్తున్న రంగు.

ఒంటరిగా నేర్చుకునేవాడికి కష్టం ఇక్కడే వస్తుంది. సిలికాన్ తోలుకు చేయి అలవాటవుతుంది, నిజమే. కానీ అది రక్తం కార్చదు, వాయదు, మానదు. స్నేహితుడి చేతి మీద వేసిన మొదటి బొమ్మ నెల తర్వాత ఎలా ఉందో చూస్తాడు; ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటి మీద వేసింది ఏమైందో అతనికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. బాగా రాలేదనుకున్న మనిషి తిరిగి అదే మెట్లెక్కడు. కాబట్టి ఒకే తప్పు వందసార్లు చేస్తూ, వందసార్లూ తాజా ఫొటో చూసి మురిసిపోయే ప్రమాదం ఉంది. అదే నలుగురైదుగురు పని చేసే చోట రోజూ ఎవరో ఒకరు రెండో సిట్టింగ్‌కో టచప్‌కో వస్తూనే ఉంటారు. మానిన గీతలు అక్కడ కళ్ల ముందుకు నడిచి వస్తాయి. ఇది ఏ సూదితో లాగారు, చేయి ఎక్కడ ఆగింది, ఈ మలుపులో రంగు ఎందుకు పలచబడింది అని తెలిసినవాళ్లను అడగొచ్చు. ఒకరి తప్పు నుంచి ఐదుగురు నేర్చుకుంటారు. మరొకరి ఒంటి మీద చేసే పనిలో ఇంతకు మించిన పొదుపు లేదు.

పాత సమాజాలు దీన్ని ఏనాడో గ్రహించాయి. సమోవా దీవుల్లో నడుము నుంచి మోకాళ్ల దాకా వేసే పచ్చబొట్టు ఒక్క మనిషి చేయగలిగిన పనే కాదు. పంటి కొనలున్న పనిముట్టును చిన్న కర్రతో కొడుతూ గురువు గీస్తుంటే, ఇరుపక్కలా కూర్చున్న సహాయకులు చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి, రక్తం తుడవాలి. శిష్యుడు మొదలుపెట్టేది ఆ సాగదీసే పనితోనే. చూస్తే చాకిరీలా ఉంటుంది కానీ ఈ వృత్తికి అసలు కీలకం ఆ బిగువే; అది ముందు వేళ్లకు తెలిశాకే పనిముట్టు చేతికొస్తుంది. మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో పచ్చబొట్లు పొడిచింది ‘తోటి’ అనే తెగ ఆడవాళ్లు. ఆ తెగ మగవాళ్లు గోండుల వంశగాథలు పాడేవాళ్లు. ఒకే కుటుంబంలో కథ నోటికీ బొమ్మ చేతికీ అప్పగించి, రెంటినీ కలిపి కాపాడుకున్నారు. మైదాన గ్రామాల్లో ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి, మసిని ఆకు పసరులో కలిపి చేతుల మీద చుక్కలూ ముగ్గులూ పొడిచారు. చదువుకున్న చిత్రకారులూ ఈ దారి తప్పించుకోలేదు. పచ్చబొట్టు కళాకారుడు డాన్ ఎడ్ హార్డీ 1967లో శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రింట్‌మేకింగ్‌లో డిగ్రీ పుచ్చుకున్నాడు. గీతలో అంత పట్టున్న మనిషి కూడా సూది పని ఫిల్ స్పారో అనే పెద్ద దగ్గర నేర్చుకున్నాడు. అది చాలక 1973లో జపాన్ వెళ్లి గిఫు పట్టణంలో హోరిహిదె అనే గురువు దగ్గర పనిచేశాడు. బొమ్మ గీయడం వేరు, దాన్ని చర్మం మీద నిలపడం వేరని ఆయన ప్రయాణమే చెబుతుంది.

బృందంలో చేరి నేర్చుకోవాలన్న మాటకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. గురువు చుట్టూ చేరిన బృందాలు తలుపులు మూసుకుంటాయి, కింద చేరినవాళ్లను పిండుకుంటాయి అన్నది. అది కొట్టిపారేసే మాట కాదు. ఫీజూ తీసుకుని, ఊడిగమూ చేయించుకుని, మెషిన్ మాత్రం ముట్టనివ్వని చోట్లు ఉంటాయి. జీతం లేకుండా రెండేళ్లు పట్నంలో గది అద్దె కట్టుకోగలిగేది ఎవరు? పల్లెటూరి పేదింటి పిల్ల ఆ లెక్క చూసే వెనక్కి పోతుంది. ఇక తలుపుల సంగతికొస్తే, ఫిలిప్పీన్స్‌లోని కలింగ కొండల్లో ప్రసిద్ధురాలైన పచ్చబొట్టు కళాకారిణి వాంగ్ ఒద్ తన విద్యను అన్నదమ్ముల మనవరాళ్లకే నేర్పింది, రక్తసంబంధం లేనివాళ్లు పొడిస్తే ఆ పచ్చబొట్టు చీము పడుతుందన్న నమ్మకంతో. మన దగ్గర జరిగింది ఇంకా చేదు. బ్రిటిష్ సర్కారు ఒక చట్టం కింద ఎరుకలవాళ్లను నేరస్థ తెగగా ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయింది కానీ, వాళ్ల ఆడవాళ్ల చేతిలో ఉన్న విద్యకు ఈనాటి అద్దాల స్టూడియోల్లో కుర్చీ వేసినవాళ్లు కనబడరు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి బృందం చెడ్డదని చెప్పే నిజాలు కావు, ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో తేల్చుకోమని చెప్పే నిజాలు. ఎన్ని నెలలు, ఏ నెలలో ఏం నేర్పుతారు, చేసే పనికి ఏం ఇస్తారు అన్నది కాగితం మీద రాసి సంతకాలు చేసుకుంటే సగం దోపిడీ అక్కడే ఆగుతుంది.

బృందంలో పడితే అందరి గీతా ఒకలాగే తయారవుతుందని, సొంత గొంతు చచ్చిపోతుందని ఇంకొందరి భయం. మొదటి రెండేళ్లు ఆ పోలిక తప్పదు, తప్పించుకోవలసిన అవసరమూ లేదు. గీత స్థిరపడ్డాక ఎవరి ఊహ వాళ్లది. స్థిరపడని చేతికి సొంత శైలి అని పేరు పెట్టుకుంటే నష్టపోయేది దాన్ని ఒంటి మీద మోసేవాళ్లే.

శుభ్రత విషయంలో పక్కవాళ్ల కళ్లు ఇంకా అవసరం. హెపటైటిస్ కేసుల భయంతో న్యూయార్క్ నగరం 1961లో పచ్చబొట్లను నిషేధించింది, 1997 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే ఫోను తీసి మళ్లీ సూది పట్టుకోవడం, రంగు మూత ముట్టడం, ఇలాంటివి చేసేవాళ్లకు తెలియకుండానే జరిగిపోతాయి. పక్కనున్నవాళ్లు చూసి ఆపాలి. అలాగని ఈ పని డాక్టర్లకే అప్పగించాలా? జపాన్‌లో ఆ వాదనే కోర్టుకెక్కింది. వైద్య లైసెన్సు లేకుండా పచ్చబొట్లు వేశాడని ఒసాకా కళాకారుడు తైకి మసుదకు కింది కోర్టు 2017లో జరిమానా వేసింది. 2020లో ఆ దేశ సుప్రీంకోర్టు ఇది వైద్యం కాదని, దీనికి కావలసిన నేర్పు వేరని తేల్చింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం మధ్యేమార్గం పట్టింది: 360 గంటల శిక్షణ, అందులో పాఠమూ, పర్యవేక్షణలో చేసే పనీ రెండూ ఉండాలి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు అలాంటి కనీస నియమం తేవడానికి కొత్త సంస్థలేవీ పెట్టక్కర్లేదు, ఉన్న ఆరోగ్య శాఖ చాలు. కానీ 360 గంటలైనా ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి పక్కన గడపవలసినవే.

నేర్చుకోవాలని బయల్దేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఫీజు కట్టే ముందు ఆ స్టూడియోవాళ్లను ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు కాదు, ఏడాది నాటి మానిన పచ్చబొట్లు చూపించమనండి. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఎక్కడుందో చూడండి, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారా అని వాళ్లను అడిగి, మీరూ వేయించుకోండి. మీ గీతను వారానికోసారైనా కూర్చుని దిద్దేది ఎవరో పేరు చెప్పమనండి. వీటికి సూటిగా జవాబు రాకపోతే ఎంత తక్కువ ఫీజైనా కట్టకండి.