కబ్రస్తాన్ గేటు

రాత్రి. వాన. కారుకు అడ్డంగ తెల్లచీరల ఒక ఆడమనిషి. ఎక్కడ దించాలె అంటే కబ్రస్తాన్ల అంటది. అక్కడి గేటు దానంతటదే తెరుచుకుంటది.

రాజ్ ఖోస్లా 1964ల తీసిన ‘వో కౌన్ థీ?’ కథ ఇది. 1966ల దీన్నే బి.ఎస్. నారాయణ తెలుగుల ‘ఆమె ఎవరు?’ అని తీసిండు. జగ్గయ్య, జయలలిత. రాజా మెహదీ అలీ ఖాన్ రాసిన హిందీ పాటలు ఇప్పటికీ పాడుకుంటున్నరు. తెలుగు సినిమాను మాత్రం యాది చేసేటోళ్లు తక్కువ. ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు మాట్లాడే నాకు రెండూ నావే.

హిందీది టీవీల వచ్చిన్నాడు నేను మేడ్చల్ల ఐదో తరగతి. తెల్లారి బడిల దోస్తు అడిగిండు: “అరేయ్, మీ కబ్రస్తాన్ల గూడ గట్లనే తిరుగుతయారా?” నవ్వుకుంటనే అడిగిండు. కని ఆ దినం నుంచి మా ఇంటికి చుట్టు తిరిగి వచ్చేటోడు. దగ్గరి తోవ కబ్రస్తాన్ పక్కపొంటి మరి.

వానికెట్ల చెప్పాలె? షబే బరాత్ రాత్రి అబ్బా చెయ్యి పట్టుకొని పోయేది నేను అక్కడికే. దాదా కబర్ మీద పూలు చల్లి, ఫాతెహా చదివి, యాపచెట్టు కింద కూసునేటోళ్లం. నాకు నిద్రొచ్చేది గని భయమెన్నడు కాలే.

అసలు ఆ సినిమాల దయ్యమే లేదు! ఆస్తి కోసం డాక్టరుకు పిచ్చి లేపాలని సొంత చుట్టం ఆడించిన నాటకం. నడుమ నలిగింది పెండ్లాం. దయ్యం మొఖమూ ఆమె మొఖమూ ఒక్కటే. మొగడే ఆమెను చూసి జడుసుకుంటడు. “ఆ పిల్ల తప్పేంది? మొఖమే గదా,” అని అమ్మీ కండ్లు తుడుచుకుంది. హైదరాబాద్ల కిరాయి ఇంటికి తిరిగినప్పుడు, నా పేరు చెప్పినంక ఇంటాయన మొఖం మారినప్పుడల్లా అమ్మీ మాట యాదికొచ్చేది.

కిందటేడు శామీర్‌పేట పోయిన. నానీ ఊరది. చెరువు దిక్కు అంతా ప్లాట్లు, రంగుల జెండాలు. కొనేటోన్ననుకొని ఒకాయన ఎంటబడ్డడు. అంతెత్తు గోడ ఎందుకన్న. “అవతల కబ్రస్తాన్ సార్. కనబడితే ఎవరు కొంటరు? దయ్యాల భయం.” జెర్ర ఆగి, మెల్లగ, “అది గూడ ఎన్నాళ్లుంటది లెండి,” అన్నడు.

“మా నానీ ఆన్నే ఉంది,” అన్న.

ఆయన చేతిలున్న కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. గేటు ఎటు దిక్కుందని అడిగితే చెయ్యి చూపించిండు. తుప్పు పట్టింది. రెండు చేతులతోని నూకితే గని తెరుచుకోలే.